వినీల రౌటర్, అమలమ్మ చేతులు

గుణదల కొండ వెనకవైపు మెట్లదారిలో మూడో మలుపు దగ్గర, ఆకుపచ్చ తలుపున్న రెండు గదుల ఇల్లు వినీలది. ఆ ఇంట్లో పొద్దున లేచింది మొదలు కబుర్లే కబుర్లు. అయినా పక్కింటివాళ్లకు గిన్నెల చప్పుడూ, కుక్కరు కూతా తప్ప ఏదీ వినపడదు. వినీల తల్లి అమలమ్మకు పుట్టుచెవుడు. “పాపం, ఆవిడకి మాట లేదండీ” అంటుంటారు ఆ వీధివాళ్లు. అన్నవాళ్లని ఒక్కపూట ఆ వంటింట్లో కూర్చోబెట్టాలి. ఒక చేత గరిట తిప్పుతూ రెండో చేత్తో ఆవిడ చెప్పే ఊసులూ, వెక్కిరింతలూ, చాడీలూ చూస్తే, కాసేపు ఆపవమ్మా అని వాళ్లే దణ్ణం పెడతారు.

వినీల తొలిమాటలు నేర్చింది ఆ చేతుల దగ్గరే. తండ్రి జాన్సన్ ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఫిట్టరు, చెవులు బాగానే పనిచేసే మనిషి, తెల్లారి వెళ్తే పొద్దుగూకి వచ్చేవాడు. అందుకని బ్యాంకుకైనా, రేషన్ షాపుకైనా, ఆసుపత్రికైనా అమలమ్మ వెంట వెళ్లేది పిల్లే. ఏడేళ్ల పిల్ల కౌంటరు అంచు పట్టుకుని మునివేళ్ల మీద నిలబడి, “మా అమ్మ ఏమంటోందంటే అండీ...” అని మొదలుపెట్టేది. జాన్సన్ పోయి ఆరేళ్లయింది. వినీలకు ముప్పై రెండు నిండాయి. ఆనాటి ఆ మాటే ఇప్పుడు ఆమెకు ఉద్యోగం.

బెంగుళూరు కంపెనీ ఒకటి ఆసుపత్రులకు సైగభాష తెలిసినవాళ్లను వీడియోలో కుదురుస్తుంది. మంచం పక్కన స్టాండుకు టాబ్లెట్ బిగిస్తారు. డాక్టరు నోటితో అడుగుతాడు, వినీల తన గదిలో కూర్చుని అది విని చేతులతో చెబుతుంది, రోగి చేతులతో బదులిస్తాడు, దాన్ని ఆమె నోటితో డాక్టరుకు అందిస్తుంది. బడికెళ్లిన బధిరులకు ఒక పద్ధతి సైగలున్నాయి. బడి మొహం చూడని పల్లెటూరివాళ్లవి వేరు. వాళ్లు ఎవరికివాళ్లు, ఇంటికీ పొలానికీ సరిపడా కల్పించుకున్నవి. వినీలకు రెండూ వచ్చు. మొదటిదానికి సర్టిఫికెట్ ఉంది, రెండోదానికి అమలమ్మ ఉంది. అందుకే కృష్ణా, గుంటూరు పల్లెల నుంచి ఎవరొచ్చినా కంపెనీ ఆమెకే అప్పగిస్తుంది.

కిందటి గురువారం అలా వచ్చినవాడు బసవపున్నయ్య. హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లెలో పొలం పనులు చేసుకునే అరవై ఏళ్ల మనిషి. హెర్నియా ఆపరేషన్. బిళ్ళ అనడానికి అరచేతిలో చిటికెనవేలి గోరు తాటించాడు. అచ్చం అమలమ్మ సైగే. వినీలకు ప్రాణం లేచొచ్చింది, ఆయనకూ అంతే. తోడొచ్చిన కోడలి వైపు తిరిగి, ఈ అమ్మాయి మనమ్మాయే అన్నట్టు గుండెమీద చెయ్యి వేసి చూపించాడు.

ఆపరేషన్‌కు ముందు అడగాల్సిన ప్రశ్నలు అడగడానికి డాక్టరు వచ్చాడు. తొందరలో ఉన్నాడు.

“రాత్రి నుంచి ఏం తినలేదు కదా?”

వినీల వెంటనే సైగ చేసింది. తెరమీద బసవపున్నయ్య కళ్లు చిట్లించి ఇటే చూస్తున్నాడు, కదలిక లేదు. ఆమె చేతులు ఆయనకు ఇంకా చేరలేదు. బొమ్మ ఎక్కడో ఆగిపోయింది. డాక్టరుకు అది తెలియదు. అడిగేశానుగా అనుకుని రెండోది అందుకున్నాడు.

“రక్తం పలచబడే బిళ్ళలు అయిదు రోజుల నుంచి మానేశారు కదా?”

సరిగ్గా అప్పుడే మొదటి సైగ ఆసుపత్రి తెరమీదికి చేరింది. ఏమీ తినలేదు నిజమేనని బసవపున్నయ్య గట్టిగా తల ఊపాడు. డాక్టరు, “ఓకే, మానేశారు” అని రాసుకున్నాడు.

వినీల రెండో ప్రశ్నకు ఇంకా చెయ్యే ఎత్తలేదు. “డాక్టరుగారూ, ఆగండి! అది నేనింకా అడగలేదండీ!” అని అరిచింది. ఆ అరుపూ ఆలస్యంగానే వెళ్లి ఉంటుంది. ఈలోపు ఎవరో టాబ్లెట్‌ను పక్కకు తిప్పి కాల్ కట్ చేసేశారు.

ఆ తర్వాతి పావుగంటా ఆమె ఫోను దించలేదు. ఆసుపత్రి నంబరు ఎత్తరు, ఎత్తినవాళ్లు ఇంకో నంబరు ఇస్తారు, కొండమీద సెల్ సిగ్నల్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. డాబా ఎక్కి, ట్యాంకు పక్కన నిలబడి, చివరికి ఒక నర్సును పట్టుకుంది. ఆవిడ వెళ్లి కోడలిని అడిగితే, పొద్దున్నే గుక్కెడు నీళ్లతో ఆ బిళ్ళ కూడా వేశామని తేలింది. ఆపరేషన్ వచ్చే గురువారానికి వాయిదా పడింది. అప్పుడు కూడా ఆ అమ్మాయే కావాలని బసవపున్నయ్య పట్టుబట్టాడని నర్సు చెప్పింది. ఇంకోసారి ఇలా జరిగితే ఆసుపత్రి పనుల నుంచి పేరు తీసేస్తామని కంపెనీ చెప్పింది. కంపెనీ బెదిరింపు కన్నా, ఆయన తననే కోరినందుకే వినీలకు ఎక్కువ భయం వేసింది. ఆ తల ఊపు కళ్లముందు నుంచి పోవడం లేదు. తనను నమ్మి ఊపిన తల అది.

మర్నాడు పొద్దున్నే బాబీని పిలిచింది. బాబీ ఆ కొండకంతటికీ కేబులూ, నెట్టూ ఇచ్చే మనిషి. నలభై అయిదేళ్లుంటాయి, జాన్సన్‌ను అన్నా అని పిలిచినవాడు. ఫోనులో స్పీడ్ చూసి, అందులో ముల్లు సర్రున పైకి లేస్తుంటే సొంత కొడుకు ఫస్టు వచ్చినట్టు మురిసిపోయాడు.

“యాభై ప్లానుకి యాభై రెండొస్తోందమ్మా. ఇంకేం కావాలి నీకు?”

“బొమ్మ ఆగిపోతోంది బాబన్నా. ఆగి, మళ్లీ ఒక్కసారిగా పరిగెడుతోంది.”

“అయితే వందకి మారు. ఆ ఆగడాలూ గీగడాలూ ఉండవు.”

“పంపేది కూడా పెరుగుద్దా? నా వీడియోనే వాళ్లకి ఆలస్యంగా వెళ్తోంది.”

“అప్‌లోడా? అది అయిదేనమ్మా, ఏ ప్లానుకైనా. అయినా అప్‌లోడ్ ఎవరిక్కావాలి? అందరూ చూసేవాళ్లే గానీ పంపేవాళ్లెవరు?” అని నవ్వాడు బాబీ.

నవ్వాడు గానీ, ఆ కొండమీద పంపేవాళ్లే ఉన్న ఇల్లు అదొక్కటే. అది బాబీకి తట్టలేదు. చిత్రమేమిటంటే వినీలకూ ఆ పూట తట్టలేదు. వందకు మారింది. శనివారం ఒక చిన్న కాల్‌లో బొమ్మ మళ్లీ ఆగింది.

ఆ సాయంత్రం లాప్‌టాప్ ముందేసుకుని పరీక్ష పెట్టింది. పింగ్ అంటారు దాన్ని. ఇక్కడి నుంచి ఒక చిన్న పలకరింపు వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో సెకనులో వెయ్యోవంతుల్లో చూపిస్తుంది. ఇరవై, పద్దెనిమిది, ఇరవై రెండు. వరసగా బాగానే వస్తున్నాయి. ఉన్నట్టుండి తొమ్మిది వందలు. పధ్నాలుగు వందలు. రెండు వేల ఒకటి. వినీల కుర్చీలోంచి లేచి గది తలుపు తీసింది. వరండాలో కందిపప్పు డబ్బాకు ఫోను ఆనించి, అమలమ్మ దాని ముందు కూర్చుని ఎవరికో ఏదో చెబుతోంది. చెప్పడం అయింది, బొటనవేలితో నొక్కింది, వీడియో వెళ్తోంది. లోపల లాప్‌టాప్‌లో అంకెలు రెండు వేలు దాటాయి. వీడియో వెళ్లిపోయాక మళ్లీ ఇరవై.

వినీల తలుపు దగ్గర నిలబడి తల్లినీ, అంకెలనీ మార్చి మార్చి చూసింది.

అమలమ్మకు చదువు రాదు. అందరిలాగా అక్షరాలు కొట్టి మెసేజ్ పెట్టలేదు. ఆవిడ మాట్లాడాలంటే చేతులు కనపడాలి, అంటే వీడియో తీసి పంపాలి. ఇబ్రహీంపట్నం శౌరమ్మ, మైలవరంలో ఒకావిడ, ఉయ్యూరులో ఇద్దరు అక్కచెల్లెళ్లు, అందరూ ఆవిడలాంటివాళ్లే. పూర్వం నెలకో ఆదివారం గుణదల మాత గుడి దగ్గర పూజ అయ్యాక కలుసుకుని, నెల కబుర్లన్నీ గంటలో చెప్పుకుని చేతులు నొప్పులెట్టేదాకా కూర్చునేవాళ్లు. ఈ ఫోను వచ్చాక రోజూ కలుస్తున్నారు. రోజుకు ముప్పై, నలభై వీడియోలు. కూర ఏం వండావన్న దగ్గర్నుంచి, కోడలు ఎలా చూస్తోందన్న దాకా. వినీల ఆసుపత్రి కాల్స్‌లో ఉండే పొద్దుటిపూటే వాళ్లకూ తీరిక.

జరిగేదేమిటో ఇప్పుడు తేటపడింది. ఇంట్లోంచి బయటికి వెళ్లేదంతా ఒకటే సన్నని దారిన వెళ్లాలి. ఉయ్యూరు చక్కెర మిల్లు ముందు చెరకు ట్రాక్టర్లు బారులు తీరినట్టు అమలమ్మ వీడియో అంతా వచ్చి ఆ దారిలో నిలబడుతోంది. వినీల సైగ ఆ బారు చివర నిలబడి తన వంతు కోసం చూస్తోంది.

అప్పుడు వినీల చేసిన పని ఉంది చూశారూ, అది చెప్పడానికి నాకే మనసొప్పడం లేదు. వెళ్లి తల్లి పక్కన కూర్చుని, అమ్మా సంగతి ఇదీ అని చెబితే సరిపోయేది. అమలమ్మ ఆ కాల్స్ ఉన్నంతసేపూ తనంతట తాను ఫోను పక్కన పెట్టేది, పెట్టి ఆ బసవపున్నయ్య కోసం జపమాల కూడా తిప్పేది. కానీ నీ కబుర్ల వల్ల ఒక మనిషి ప్రాణం మీదికొచ్చిందని కన్నతల్లికి ఏ చేతులతో చెప్పడం? బాధపడుతుంది కదా. అలా తనకు తానే సర్దిచెప్పుకుని, బాబీ ఇచ్చిన రౌటర్ పెట్టె సెట్టింగ్స్ తెరిచి, అమలమ్మ ఫోనుకు పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా నెట్ ఆపేసింది. రెండు నొక్కుళ్లు, అంతే.

సోమవారం పది గంటలకు, కాల్‌కూ కాల్‌కూ మధ్య వినీల మంచినీళ్లకు బయటికొస్తే, అమలమ్మ ఫోను చూపించింది. పంపిన వీడియో పక్కన చిన్న గడియారం బొమ్మ కదలకుండా ఉంది. ఏమిటిది అన్నట్టు చెయ్యి తిప్పింది.

“నెట్ లేదు. మధ్యాహ్నం వస్తుంది” అంది వినీల చేతులతో.

నోటితో అబద్ధమాడటం తేలిక. చేతులతో ఆడాలంటే మొహం కూడా కలిసి రావాలి, ఎదుటివాళ్లు చూసేది దాన్నే. వినీల నీళ్లసీసా మూత వైపు చూస్తూ ఆడేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నాలుగు కాల్స్, ఒక్క చోట కూడా బొమ్మ ఆగలేదు. ఆమెకు హాయిగా అనిపించింది, ఆ హాయి చూసుకుని సిగ్గూ వేసింది.

మంగళవారం ఒంటిగంటకు అమలమ్మ ఫోనుకు నెట్ తిరిగొచ్చింది. శౌరమ్మ వీడియోలు పధ్నాలుగు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి.

శౌరమ్మ భర్త పోయిన రోజు అది. ఏటా ఆ రోజు ఇబ్రహీంపట్నం నుంచి బస్సులో వస్తుంది, మాత గుడిలో ఇద్దరూ కొవ్వొత్తులు వెలిగిస్తారు. శౌరమ్మకు డెబ్బై ఏళ్లు. రోడ్డు ఒంటరిగా దాటదు. హారన్ వినపడని మనిషి ఏలూరు రోడ్డు దాటడమంటే మాటలు కాదు. బస్సు దిగి వీడియో పెడితే అమలమ్మ కిందికి దిగివస్తుంది, ఇద్దరూ చేతులు పట్టుకుని, ఒకరు ఇటు ఒకరు అటు చూస్తూ దాటుతారు. ఎన్నో ఏళ్ల అలవాటది.

మొదటి వీడియోలో శౌరమ్మ నవ్వుతోంది. వచ్చాను, దిగు అంటోంది. నాలుగోదానికి నవ్వు లేదు. తొమ్మిదోదానికి కొంగు నెత్తిన వేసుకుని ఎండకు కళ్లు మూస్తోంది. చివరిది బస్సులో కూర్చుని తీసింది. “ఒక్కదాన్నే దాటాను. బండి కొంగుకి తగిలింది. పడలేదు. మళ్లీ ఒక్కదాన్నే దాటి బస్సెక్కాను. నేను బరువయ్యానా నీకు? బరువైతే చెప్పొచ్చుగా.”

అమలమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లన్నీ దిగి రోడ్డుదాకా వెళ్లింది. అక్కడ ఎవరున్నారు? తిరిగొచ్చి వీడియో మీద వీడియో పంపింది. శౌరమ్మ చూసింది, బదులివ్వలేదు. అమలమ్మ వినీలకు ఇదంతా చూపించింది. వినీల తెరలో శౌరమ్మ చేతుల వంకే చూస్తూ కూర్చుంది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆ సాయంత్రం అమలమ్మ ఫోను పట్టుకుని వీధి చివర బాబీ షాపుకు వెళ్లింది. ఫోను పాడైందని ఆవిడ అనుమానం. గడియారం బొమ్మ చూపించి, చెయ్యి తిప్పింది. బాబీ తన దగ్గరున్న యాప్‌లో చూశాడు. అతనికి సైగలు రావు. అయినా అమలమ్మ ఫోను వైపు వేలు పెట్టి, తాళం వేస్తున్నట్టు పిడికిలి తిప్పి, కొండమీద వాళ్లింటి వైపు చూపించడానికి సైగలు రానక్కర్లేదు. ఇంట్లోనే వేశారమ్మా అని అతని ఉద్దేశం. కల్లాకపటం లేని మనిషి, సాయం చేశాననుకున్నాడు.

అమలమ్మ ఇంటికొచ్చి కూతురి ముందు నిలబడింది. ఫోను చూపించి పిడికిలి తిప్పింది. తర్వాత వేలు కూతురి వైపు పెట్టింది. కోపం లేదు మొహంలో, అడగడం ఉంది, అంతే. కాదు అంటే నమ్మడానికి సిద్ధంగా ఉన్న మొహం.

వినీల అప్పుడు మొదలుపెట్టింది. బసవపున్నయ్య, డాక్టరు, తల ఊపడం, రెండో ప్రశ్న, బిళ్ళ, అన్నీ చెప్పింది. మనిషి చచ్చిపోయేవాడమ్మా అంది. గురువారం మళ్లీ ఉందంది. కారణాలన్నీ చెప్పింది. తప్పయిందనడానికి ఆ ఇంట్లో పెద్ద సైగ కూడా అక్కర్లేదు, చెవి తమ్మె పట్టుకుంటే చాలు. అది మాత్రం చెయ్యలేదు.

అమలమ్మ అంతా చూసింది. చూశాక రెండు మణికట్లూ దగ్గరికి చేర్చి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి, కూతురికి చూపించింది. ఆపైన వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ సైగ వినీలకు తెలుసు. ఎనిమిదేళ్లప్పుడు అమలమ్మను ఒక హాస్టలు బడిలో వేశారు. చెవిటిపిల్లలు చేతులు ఆడిస్తుంటే నోరు ఎప్పటికీ రాదని అక్కడివాళ్ల నమ్మకం. పాఠం జరిగినంతసేపూ జడ రిబ్బన్లు విప్పి పిల్లల చేతులు వెనక్కి కట్టేసేవాళ్లు. మంచికే చేశారు. ఆవిడకు నోరు రాలేదు. ఏడాది తిరక్కుండా ఇంటికి తెచ్చేశారు. ఆ బడి పేరు అమలమ్మకు తెలియదు. ఆ బడి ప్రస్తావన వస్తే ఆవిడ చేసే సైగ అదొక్కటే, మణికట్లు రెండూ కలపడం.

వినీల గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. ఏడుపు చప్పుడు బయటికి వినపడుతుందన్న భయం లేని ఇల్లు అది. ముందు తాళం తీసేసింది. కానీ గురువారం ఎదురుగా ఉంది. తల్లి చేతులు విప్పితే ఆ ముసలాయన తల మళ్లీ తప్పు ప్రశ్నకు ఊగుతుంది. రెంటిలో ఏది వదులుకోవడం?

వెతగ్గా వెతగ్గా ఆమెకు దొరికిన సంగతి ఇది. దారి ఇరుకు కావడం కన్నా వరస పద్ధతిగా లేకపోవడమే అసలు చిక్కు. కొన్ని రౌటర్లలో ఆ వరసను సరిచేసే సెట్టింగు ఉంటుంది. దానికి రెండు పనులు చెయ్యాలి. దారి పట్టేదాని కన్నా కొంచెం తక్కువగా పంపమని చెప్పాలి, అప్పుడు బారు బాబీ పెట్టెల్లో ఎక్కడో పేరుకోకుండా మన రౌటర్‌లోనే, మన చేతికింద ఉంటుంది. ఆ తర్వాత, ఎవరిదెంత పెద్ద మూటైనా తలా ఒక గుక్కెడు చొప్పున వంతులవారీగా వదలమని చెప్పాలి. పెద్ద వీడియో పోతూనే ఉంటుంది, మధ్యలో చిన్న సైగ ఆగకుండా దాటిపోతుంది.

బుధవారం సెలవు పెట్టి, గవర్నరుపేట వెళ్లి అలాంటి రౌటర్ కొనుక్కొచ్చింది. అందులో నెట్ వేగమెంతో అడిగితే, వంద ప్లాను కదా అని వంద కొట్టింది. లాప్‌టాప్‌లోంచి తనే ఒక పెద్ద ఫైలు పంపుతూ పింగ్ చూసింది. రెండు వేలు. అప్పుడు గుర్తొచ్చింది బాబీ నవ్వు. పంపేది అయిదే. కొలిచి చూస్తే నాలుగున్నరకు పైన కొంచెం వస్తోంది. అప్‌లోడ్ గడిలో నాలుగు కొట్టింది.

దాని కింద ఇంకో గడి ఉంది. ఇంట్లో ఉన్న ఫోన్లూ లాప్‌టాప్‌లూ వరసగా పేర్లు, ఒక్కోదాని పక్కన ఎక్కువ, మామూలు, తక్కువ. అమలమ్మ ఫోను పక్కన తక్కువ అని పెడితే ఇంకా నిశ్చింత. వేలు దానిదాకా వెళ్లింది. తాళం తీసి, మెడ వంచి వెళ్లమన్నట్టు ఉంటుందనిపించింది. ఇద్దరికీ మామూలు అనే ఉంచి, మళ్లీ ఫైలు పంపింది.

ఇరవై ఎనిమిది. ముప్పై ఒకటి. ముప్పై. ఫైలు పోతూనే ఉంది, అంకె కదలడం లేదు. అయిదు నిమిషాలు అలాగే చూసింది.

పరిగెత్తుకెళ్లి వంటింట్లో తల్లి భుజం తట్టింది. “తాళం తీసేశాను. కొత్త పెట్టె పెట్టాను. రేపు నేను పనిలో ఉన్నా సరే, నువ్వు ఎంతైనా మాట్లాడుకో. అడ్డం కాదు. ఇద్దరం ఒకేసారి మాట్లాడొచ్చు.” వరసా, వంతులూ, గుక్కెడు గుక్కెడూ అంతా చేతులతో వివరించింది. సంతోషంలో చెవి తమ్మె సంగతి మళ్లీ మరిచిపోయింది.

అమలమ్మ ఆ పెట్టె వైపు ఒకసారి, కూతురి మొహం వైపు ఒకసారి చూసి, తల ఊపింది. వినీల ఆ తల ఊపు తీసుకుని వెళ్లిపోయింది. తల ఊపితే దేనికి ఊపారో అడగాలని ప్రపంచంలో అందరికన్నా బాగా తెలిసిన మనిషే అడగలేదు.

గురువారం పదిన్నరకు బసవపున్నయ్య తెరమీదికి వచ్చాడు. ఆమెను చూడగానే రెండు చేతులూ ఎత్తాడు. డాక్టరు ఈసారి స్థిమితంగా ఉన్నాడు.

“ఏం తినలేదు కదా?”

వినీల చేతులు లేచాయి. ఆమె సైగ పూర్తయ్యేలోపే ఆయన మొహంలో జవాబు కదిలింది. తినలేదు. “బిళ్ళలు?” గోరు అరచేతిలో తాటించి, అయిదు వేళ్లు చూపించి, అవతల పారేసినట్టు విసిరాడు. “మానేశారండీ, అయిదు రోజులైంది” అంది వినీల. ఇంకా పదకొండు ప్రశ్నలు. ఏ తల ఊపు ఆ ప్రశ్నకే పడింది. స్ట్రెచర్ కదిలేటప్పుడు బసవపున్నయ్య మళ్లీ గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకు నర్సు ఫోను చేసింది, ఆపరేషన్ బాగా జరిగిందని.

వినీల కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. తర్వాత, రౌటర్ ఎలా నెగ్గుకొచ్చిందో చూద్దామని లాప్‌టాప్‌లో ఆ పేజీ తెరిచింది. పొద్దుటినుంచి ఏది ఎంత పంపిందో అందులో పట్టీ ఉంటుంది. తన లాప్‌టాప్ ఎదురుగా పెద్ద అంకె. అమలమ్మ ఫోను ఎదురుగా సున్నా.

తాళం మళ్లీ పడిందేమోనని కంగారుగా వెతికింది. ఎక్కడా లేదు. దారి పొద్దుటినుంచి తెరిచే ఉంది. దాన్లో ఎవరూ నడవలేదు.

తలుపు తీసి వరండాలోకి వచ్చింది. కందిపప్పు డబ్బా దాని చోట అది ఉంది. పక్కన అమలమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లో ఫోను, ఫోను అంచున రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి. ఎంతసేపటినుంచి అలా కూర్చుందో. ఫోను తెరమీద శౌరమ్మ ఉంది. పొద్దున తొమ్మిదింటికే బదులు పెట్టింది, చూస్తూనే తెలుస్తోంది కోపం పోయిందని. ఏమైంది నీకు, బాగున్నావా, మాట్లాడు అంటోంది.

కూతురిని చూసి అమలమ్మ ఒక చెయ్యి మెల్లగా పైకి తీసింది. గది తలుపు వైపు చూపించి, అయిపోయిందా అంది. తర్వాత తన పెదవుల దగ్గర వేళ్లు ఆడించి, కనుబొమలు ఎత్తి, ఇరుగుపొరుగుల ఇళ్లలో ఏదైనా అప్పు అడిగేటప్పుడు పెట్టే మొహం పెట్టి, అడిగింది.

“ఇప్పుడు మాట్లాడొచ్చా?”

ఆ ప్రశ్న తల్లి చేతుల్లో వినీల ముందెన్నడూ చూడలేదు. అంత దుఃఖం ఆమెకు తండ్రి పోయిన నాడు కూడా రాలేదు. చెవి పట్టుకుందామనుకుంది. ఏడో ఏట నుంచి ఊరందరి మాటలూ మోసిన చేతులు, ఆ ఒక్క మాటకు పైకి లేవలేదు. అమలమ్మ జవాబు కోసం ఆ చేతుల వంకే చూస్తూ కూర్చుంది.